1954 నాటి సుప్రో: దేన్ని ఉంచాను, దేన్ని మార్చాను

నేను కొన్న సుప్రో ల్యాప్ స్టీల్ గిటార్ ఏ యాంప్లిఫయర్‌కు తగిలించినా పలకలేదు. ఆరు తీగల్లో మూడే మిగిలాయి, అవీ తుప్పు పట్టి ఉన్నాయి. బిరడల చివర ఉండే తెల్లటి పిడులు వేలితో నొక్కితే పొడిగా రాలుతున్నాయి. చెక్క మీద అంటించిన ముత్యపు మెరుపు ప్లాస్టిక్ తొడుగు పసుపు రంగుకు తిరిగి, అంచుల దగ్గర పైకి లేచింది. అయినా కొన్నాను. చెక్క ఎక్కడా పగల్లేదు, తీగల కంపనాన్ని విద్యుత్తుగా మార్చే పికప్‌ను అంతకుముందు ఎవరూ విప్పిన జాడ లేదు. ఈ రెండూ బాగుంటే మిగిలినదంతా ఓపికతో తీరే పనే.

మన వాళ్ళకు ఈ వాద్యం హవాయి గిటార్‌గానే తెలుసు. ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, ఎడమ చేతిలోని ఉక్కు కడ్డీని తీగల మీద జరుపుతూ వాయిస్తారు. ఈ పద్ధతికి ఆద్యుడిగా ఓహూ ద్వీపంలోని లాయీ ఊరి జోసెఫ్ కెకుకును చెబుతారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శన తర్వాత హవాయి సంగీతం అమెరికా అంతటా ఊపందుకుంది. బ్యాండులో మిగతా వాద్యాల హోరుకు ఈ గిటార్ వినబడేది కాదు. ఆ ఇబ్బంది వల్లనే జార్జ్ బీచమ్, అడాల్ఫ్ రికెన్‌బాకర్‌లు 1932లో విద్యుత్ గిటార్‌ను అమ్మకానికి తెచ్చారు. ఎలక్ట్రిక్ గిటార్ చరిత్ర ల్యాప్ స్టీల్‌తో మొదలైందని తెలిసినవాళ్ళు తక్కువ. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో హవాయి వాద్యకారుడు టావ్ మో కలకత్తాలో ఉండి వాయించారు. తర్వాత బ్రిజ్‌భూషణ్ కాబ్రా దాని మీద హిందుస్థానీ రాగాలు పలికించారు. నేను చిన్నప్పుడు రేడియోలో పాత సినిమా పాటల మధ్య ఆ జారుడు నాదం విన్నాను. ఇంట్లో మా పెద్దమ్మ వీణ వాయించేవారు కాబట్టి, మెట్లు లేని తీగ మీద గమకం ఎలా ఉంటుందోనన్న ఆసక్తి అప్పటినుంచీ ఉంది.

ఇప్పుడు నేనుండేది షికాగో శివారులో. సుప్రో గిటార్లు తయారు చేసిన వాల్కో కంపెనీ ఈ ఊరిదే. 1968లో అది మూతపడినా, దాని వాద్యాలు ఈ చుట్టుపక్కల పాత సామాన్ల సంతల్లో ఇంకా కనిపిస్తూనే ఉంటాయి.

ముందు వయసు తేల్చాలనుకున్నాను. వెనుక పలక విప్పి, శబ్దాన్ని పెంచి తగ్గించే వాల్యూమ్ పొటెన్షియోమీటర్ మీద అచ్చువేసిన అంకెలు చూశాను: 304421. మొదటి మూడు అంకెలు తయారీదారును చెబుతాయి, 304 అంటే స్టాక్‌పోల్. 1950ల భాగాల మీద ఏడాదికి ఒకే అంకె వేసేవారు కాబట్టి 4 అంటే 1944 కావచ్చు, 1954 కావచ్చు. చివరి 21 వారం సంఖ్య. 1944లో యుద్ధం కారణంగా అమెరికాలో వాద్యాల తయారీ మీద ఆంక్షలు ఉండేవి కాబట్టి 1954నే తీసుకున్నాను. అయితే ఈ అంకెలు చెప్పేది ఆ భాగం ఎప్పటిదో మాత్రమే. గిటార్ అంతకన్నా పాతది కాదు, కొన్ని నెలలు తర్వాతిది కావచ్చు. ఈ ఒక్క ఆధారం కోసమే ఆ పొటెన్షియోమీటర్లను మార్చకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను.

పని మొదలు పెట్టకముందే ఒక నియమం పెట్టుకున్నాను. నాదాన్ని పుట్టించే భాగాలు యథాతథంగా ఉంచాలి, నాదాన్ని అడ్డుకునేవి మార్చాలి. మార్చిన ప్రతిదాన్నీ తర్వాతివాళ్ళు తిరిగి పాత స్థితికి తేగలగాలి. కొత్త రంధ్రం ఒక్కటి కూడా వేయకూడదు. పాత వాద్యాలకు ఎక్కువ నష్టం చేసింది కాలం కాదని నా నమ్మకం. ఆ పని తొందరపాటుతో పట్టిన డ్రిల్లు చేసింది.

ఈ సుప్రోలో అన్నిటికన్నా విలువైనది పికప్. మామూలు గిటార్లలో తీగలు పికప్ పైనుంచి పోతాయి. ఇందులో దాని లోపలినుంచే సాగుతాయి: పైన లోహపు కప్పు, కింద రాగి తీగచుట్ట. గరుకుగా, నిండుగా పలికే ఈ పికప్ మీద మోజుతో అమెరికన్ గిటార్ వాద్యకారుడు రై కూడర్ ఒక సుప్రో ల్యాప్ స్టీల్ పికప్‌ను తన మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌కు అమర్చుకున్నారు. ఆ పేరు వల్ల వచ్చిన గిరాకీతో పికప్‌ల కోసం ఎన్నో ల్యాప్ స్టీల్స్‌ను ముక్కలు చేశారు. అందుకే పూర్తిగా మిగిలినదాన్ని బతికించాలన్న పట్టుదల నాకు ఎక్కువైంది.

పికప్ తీగలను పొటెన్షియోమీటరు నుంచి విడదీసి మల్టీమీటర్ పెట్టాను. బాగున్న చుట్ట కొన్ని వేల ఓములు చూపాలి. నా మీటర్ ఏమీ చూపలేదు, అంటే లోపల ఎక్కడో తెగింది. ఇలాంటి పికప్‌లలో వాడే తీగ మందం సుమారు 0.06 మిల్లీమీటర్లు, చాలామంది తల వెంట్రుక కన్నా సన్నం. లోపలి చివర తెగితే చుట్ట అంతా విప్పి మళ్ళీ చుట్టాల్సిందే. అప్పుడు 1954 నాటి చుట్టు తీరు పోయినట్టే. బయటి చివర తెగితే ఆశ ఉంది.

పికప్‌ను బల్ల మీద పెట్టి, భూతద్దం కింద పాత పట్టీని కొద్దికొద్దిగా ఎత్తాను. సన్న తీగ లావు తీగకు అతికిన చోట పచ్చని చిలుము కనబడింది. తెగింది అక్కడే, అదీ బయటి చివరే. ఆనందంతో కాసేపు చేయి కదల్లేదు. బయటి పొర నుంచి ఒక్క చుట్టు విప్పి, దాని మీది ఎనామిల్ పూతను అతి నున్నని గరుకు కాగితంతో తీశాను. కొద్దిగా ఫ్లక్స్ రాసి, సోల్డరింగ్ ఐరన్ మొనను క్షణం పాటు తాకించాను. మీటర్ మీద అంకెలు నిలబడ్డాయి. అతుకు మీద బరువు పడకుండా లావు తీగను చుట్టకు దారంతో కట్టి, పట్టీ తిరిగి వేశాను. యాంప్లిఫయర్‌కు కలిపి స్క్రూడ్రైవరుతో పికప్‌ను తాకితే స్పీకరులో 'టక్' మని వినబడింది. చాలా ఏళ్ళ మౌనం తర్వాత అది చేసిన మొదటి చప్పుడది.

ఇక తొడుగు సంగతి. ఆ కాలపు ముత్యపు ప్లాస్టిక్ సెల్యులాయిడ్, అంటే నైట్రోసెల్యులోజ్. పాత సినిమా రీళ్ళ జాతిదే. నిప్పు దగ్గరకు వస్తే భగ్గుమంటుంది, అసిటోన్ తగిలితే కరిగిపోతుంది. గోళ్ళ రంగు తీసే ద్రవంతో దీన్ని తుడవబోయేవారు ఎవరైనా ఉంటే దయచేసి ఆగండి. నేను నాఫ్తా అనే ద్రావకంతో మురికి తీశాను. లేచిన అంచులను నైట్రోసెల్యులోజ్ జిగురుతో అతికించి, మధ్యలో మైనపు కాగితం పెట్టి బిగించాను. పసుపు రంగు పోగొట్టే ప్రయత్నం చేయలేదు. అది దాని వయసు, దాచవలసింది కాదు. సోల్డరింగ్ పని వీలైనంత వరకూ భాగాలను గిటార్ నుంచి దూరంగా తీసుకెళ్ళే చేశాను.

బిరడల పిడులు కూడా సెల్యులాయిడే, అవి మాత్రం కుళ్ళాయి. కుళ్ళుతున్న సెల్యులాయిడ్ ఆమ్ల ఆవిరులు విడుస్తుంది, దగ్గరున్న లోహాన్ని తినేస్తుంది. కాబట్టి వాటిని జ్ఞాపకంగా పెట్టెలో దాచకూడదు, బయట పారేయాలి. బిరడల పళ్ళు ఇంకా గట్టిగానే ఉన్నాయి. వాటిని గిటార్ నుంచి విప్పి, పాత జిడ్డు కడిగి, కొత్త నూనె చుక్క వేశాను. కాడను సోల్డరింగ్ ఐరన్‌తో వేడి చేసి కొత్త ప్లాస్టిక్ పిడిని నొక్కితే అది కాస్త కరిగి, చల్లారాక కదలకుండా పట్టుకుంటుంది. వంకరగా దిగకుండా చూసుకోవడమే ఇక్కడ నేర్పు.

విద్యుత్ భాగాల్లో మార్చినవి తక్కువే. టోన్ నియంత్రణలోని 0.05 మైక్రోఫారడ్ కాగితపు కెపాసిటర్ కొలిస్తే దాని విలువ చాలా దూరం జరిగింది. బదులుగా 0.047 ఫిల్మ్ కెపాసిటర్ పెట్టాను. యాంప్లిఫయర్ తీగను దూర్చే జాక్ తుప్పుపట్టింది, దాని స్థానంలో కొత్త స్విచ్‌క్రాఫ్ట్ జాక్ వచ్చింది, అదీ షికాగో కంపెనీదే కావడం నాకు సంతోషం. పొటెన్షియోమీటర్లను శుభ్రపరిచే ద్రవంతో తడిపి బాగా తిప్పితే గరగర పోయింది. లోపలి గుంతకు రాగి రేకు పరిచి దాన్ని ఎర్త్‌కు కలిపాను. రేకు వల్ల చుట్టూ ఉన్న దీపాల జిర్రుమనే శబ్దం తగ్గింది కానీ, ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రం నుంచి వచ్చే 60 హెర్ట్జ్ హోరును రాగి రేకు ఆపలేదు. ఒంటి చుట్ట పికప్‌కు ఆ హోరు పుట్టుకతోనే ఉంది. యాంప్లిఫయర్‌కు కాస్త పక్కగా తిరిగి కూర్చుంటే తగ్గుతుంది.

ఒక్క విషయంలో మాత్రం ఎవరికైనా గట్టిగా చెబుతాను. ల్యాప్ స్టీల్ వాయించేవారి చేతిలోని ఉక్కు కడ్డీ ఎప్పుడూ తీగలను తాకుతూ ఉంటుంది, తీగలు ఎర్త్‌కు కలిసి ఉంటాయి. అంటే యాంప్లిఫయర్‌లో లోపం ఉంటే అది నేరుగా చేతికి వస్తుంది. ఆ కాలపు చిన్న వాల్వ్ యాంప్లిఫయర్లకు రెండు పిన్నుల ప్లగ్గే ఉండేది. వాటికి మూడు పిన్నుల తీగ వేయించి, తెలిసినవారితో పరీక్ష చేయించిన తర్వాతే గిటార్ తగిలించాలి. అందులో పాతదనాన్ని కాపాడటం అనే మాటే లేదు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తిన్నది నట్, అంటే బిరడల వైపు తీగలు ఆనే గాళ్ళ పట్టీ. మామూలు గిటార్‌లో తీగల అడుగు ఏ ఎత్తులో ఉందన్నది ముఖ్యం. ఇక్కడ తీగల పైభాగాలన్నీ ఒకే మట్టంలో ఉండాలి, ఎందుకంటే తిన్నని కడ్డీ ఆరింటినీ ఒకేసారి తాకాలి. లావు తీగల గాళ్ళు లోతుగా, సన్న తీగలవి పైకి ఉండాలి. నా నట్‌లో రెండు గాళ్ళు అరిగి కిందికి దిగాయి, ఆ తీగల మీద కడ్డీ ఆనక 'జ్జ్' మని మోగేది. పాత నట్‌ను దాచిపెట్టి, అదే కొలతల్లో ఎముక నట్ చేశాను. తీగల మీద ఉక్కు పట్టీ నిలిపి, వెనుక దీపం పెట్టి, వెలుగు దూరిన ప్రతి చోటా సన్నని ఆకురాయితో సరిచేశాను. అతుకు పెట్టిన పికప్ గిటార్‌ను మాట్లాడించింది. నట్ వచ్చాక అది పాడింది.

తీగలకు లెక్క ఉంది. ల్యాప్ స్టీల్ తీగల పొడవు చాలావాటిలో 22.5 అంగుళాల దరిదాపుల్లో ఉంటుంది. 25.5 అంగుళాల మామూలు గిటార్ మీద బిగించిన తీగనే ఇక్కడ అదే శ్రుతికి బిగిస్తే బిగువు సుమారు 22 శాతం తగ్గుతుంది. అందుకే కాస్త లావైనవి ఎంచుకున్నాను. వాటిలోనూ చదునుగా చుట్టినవి తీసుకున్నాను, కడ్డీ జరిగేటప్పుడు గీరుడు చప్పుడు ఉండదు. చాలామంది వాడే సి6 శ్రుతి వదిలేసి డి మేజర్‌కు బిగించాను. మన లెక్కలో చెప్పాలంటే మంద్రం నుంచి స, ప, స, గ, ప, స.

మొదటి ఆదివారం పెద్దమ్మకు ఫోనులో వినిపించాను. మోహన రాగాన్ని కాసేపు విని, "జారు బాగుంది నాన్నా. తొందర పడకుండా స్వరం మీద నిలబడుతున్నావు" అన్నారు. తోడి రాగం మొదలుపెట్టగానే ఆపించారు.

"గాంధారం ఊగడం లేదు, వణుకుతోంది. చేయి మణికట్టు దగ్గర కాదు, మోచేతి నుంచి కదలాలి. రెండు నెలలు తోడి ముట్టుకోకు."

కంపితం, అంటే స్వరాన్ని ఊపే గమకం కోసం కొంచెం బరువైన కడ్డీ తెప్పించుకున్నాను. బరువు ఎక్కువైతే నాదం ఎక్కువసేపు నిలుస్తుంది, కానీ తిప్పడానికి చేయి అలవాటు పడాలి. పాత కెపాసిటర్, జాక్, నట్‌లను ఒక కవరులో పెట్టి, ఏది ఎక్కడిదో చీటీ రాసి గిటార్ పెట్టెలో ఉంచాను. మిగిలిన పని ఒక్కటే: తీగలు రెండో చివర ఆనే బ్రిడ్జ్ దగ్గర ఆరో తీగ ఇంకా అర మిల్లీమీటరు ఎత్తులో ఉంది. దాన్ని వచ్చే వారం దించుతాను.