చెంప ఎముక విరిగితే కట్టు కట్టరు

వరి కోతల రోజుల్లో తెనాలి చుట్టుపక్కల రోడ్లు సగం కళ్లాలైపోతాయి. ఆరబోసిన ధాన్యం మీదికి బండ్లు రాకుండా అంచున రాళ్లు పేరుస్తారు. పొద్దుగూకాక స్కూటర్ మీద ఇంటికి వస్తుంటే చక్రం గింజల మీద జారింది. నా ఎడమ చెంప వెళ్లి అలాంటి రాయికే తగిలింది. హెల్మెట్ ఉండబట్టి తలకు ఏమీ కాలేదు. గడ్డం దాకా కప్పే రకం కాకపోవడంతో ముఖానికి మాత్రం అది అక్కరకు రాలేదు.

క్యాజువాలిటీలో చెంప సంగతి ఎవరూ వెంటనే పట్టించుకోలేదు. స్పృహ తప్పిందా, వాంతులయ్యాయా, మెడ తిప్పగలరా అని ముందుగా అడిగారు. తర్వాత డ్యూటీ డాక్టరు వాచి మూసుకుపోయిన రెప్పను వేళ్లతో విడదీసి, టార్చి వేసి, ఎన్ని వేళ్లు కనిపిస్తున్నాయని అడిగారు. చూపు బాగానే ఉందని తేలాకే ఆయన ముఖంలో కంగారు తగ్గింది. మెడికో లీగల్ కేసు రాసుకోవడానికి వచ్చిన కానిస్టేబుల్ మాత్రం ఎవరైనా కొట్టారా అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన అనుమానానికీ కారణం ఉందని తర్వాత తెలిసింది. పిడికిలి దెబ్బకు తరచుగా విరిగే ఎముకల్లో చెంప ఎముక ఒకటి. కొట్టేవాళ్లలో ఎక్కువమందిది కుడిచేతివాటం కాబట్టి ఎడమ చెంపే ఎక్కువగా దెబ్బతింటుందట.

మర్నాడు నన్ను దంత విభాగానికి పంపితే ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. "ఎముకల డాక్టరు ఉండగా పళ్ల డాక్టరేమిటిరా?" అన్నాడు బాబాయి. పిన్ని పుత్తూరు కట్టు వేయిద్దామంది. చెయ్యో కాలో అయితే కట్టు కడతారు, చెంపకు ఎలా కడతారు పిన్నీ అంటే, వాళ్లకు తెలియనిదా అని నన్నే కసిరింది. దంత వైద్యం చదివాక ముఖం, దవడ ఎముకల శస్త్రచికిత్సలో మరో మూడేళ్లు శిక్షణ పొందిన సర్జన్లు ఉంటారనీ, ముఖం ఎముకలు విరిగితే చాలాచోట్ల వాళ్లే చూస్తారనీ బాబాయిని ఒప్పించడానికి నా భార్యకు ఒక పూట పట్టింది.

నన్ను చూసిన మేడమ్ చేతులతోనే సగం విషయం పసిగట్టారు. నన్ను కూర్చోబెట్టి, వెనక నిలబడి, రెండు చూపుడువేళ్లు రెండు చెంపల మీద ఆనించి పైనుంచి చూశారు. తర్వాత కంటి కింది గట్టు వెంట మెల్లగా వేలు జరిపారు. ఒకచోట వేలు చిన్న మెట్టు దిగినట్టు ఆగింది, అది నాకూ తెలిసింది. దూది తీసుకుని రెప్ప కింద, ముక్కు పక్కన, పై పెదవి మీద తాకిస్తే ఎడమ వైపు ఏమీ తెలియలేదు. కంటి కింద ఎముకలోంచి వచ్చే నరం నలిగిందన్నారు. పైకి చూసినప్పుడు ఒక వేలు రెండుగా కనిపించింది. సీటీ స్కాన్ ఆ తర్వాతే తీశారు.

చెంప ఎముక నాలుగు కాళ్ల పీట లాంటిదని ఆమె వివరించారు. కంటి బయటి మూల దగ్గర నుదుటి ఎముకతో, కింద పై దవడతో, పక్కన చెవి ముందు కణత ఎముకతో, లోపల కంటి గూటి గోడతో అతుక్కుని ఉంటుంది. నాకు పీట మొత్తం కుంగి, లోపలికి తిరిగింది.

అయినా వెంటనే ఆపరేషన్ చేయలేదు. చెంప ఎంత అణిగిందో వాపు కప్పేస్తుంది కాబట్టి అది తగ్గాక చూడాలన్నారు. అలాగని ఎక్కువ రోజులు ఆగడానికీ లేదు. రెండు వారాల్లోపు అయితే ఎముక సులువుగా చోటికి వస్తుంది, మూడు వారాలు దాటితే వంకరగానే అతుక్కోవడం మొదలవుతుంది. ఈలోగా ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. లేదంటే సైనస్‌లోని, అంటే చెంప ఎముక వెనక ముక్కుతో కలిసి ఉండే గదిలోని గాలి విరిగినచోటు నుంచి కంటి చుట్టూ చర్మం కిందికి చేరి ఉబ్బిపోతుందట. మిరపకాయల ఊళ్లో తుమ్మును అదుపులో పెట్టుకోవడం ఎంత కష్టమో వేరే చెప్పాలా!

వార్డులో మరో ఇద్దరివీ చెంప ఎముకలే. ఒకాయనకు ఎముక చిట్లిందే గానీ కదల్లేదు. మెత్తటి తిండి తినమని, ఆ వైపు పడుకోవద్దని చెప్పి ఇంటికి పంపేశారు. కబడ్డీలో మోచేయి తగిలిన కుర్రాడికి చెవి ముందుండే సన్నటి వంపు ఒక్కటే లోపలికి కుంగింది. చెంప చూడ్డానికి పెద్ద తేడా లేదు గానీ నోట్లోకి ఇడ్లీ ముక్క కూడా పట్టడం లేదు. కింది దవడ కొస ఆ వంపు లోపలి వైపున కదలాలి, కుంగిన ఎముక దానికి అడ్డుపడుతోంది. కణత మీద జుట్టులో చిన్న గాటు పెట్టి, అందులోంచి పరికరం దించి ఎముకను పైకి లేపారు. ఎముకను పట్టి ఉంచే లోహపు ప్లేట్లేమీ వేయలేదు. బ్రిటన్‌లో పనిచేసిన సర్జన్ హెరాల్డ్ గిలీస్ బృందం 1927లో ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తోందని మేడమ్ అన్నారు.

నాకు రెండుచోట్ల టైటానియం ప్లేట్లు పడ్డాయి. ఒకటి కనుబొమ కొస దగ్గర, రెండోది పై పెదవి లోపల చిగుళ్ల పైన కోసి వేశారు. బయటికి కనిపించే మచ్చ కనుబొమ దగ్గరిదే. ఆ రాత్రంతా నర్సు గంటకోసారి లేపి, టార్చి వేసి, వేళ్లు లెక్కపెట్టించింది. కంటి వెనక రక్తం చేరితే చూపే పోవచ్చు కాబట్టి నిద్రపోనివ్వమని అడగడానికి నోరు రాలేదు. ఆ తర్వాత కొన్ని వారాలు జావ, మెత్తగా కలిపిన పెరుగన్నం. రెండుగా కనిపించడం వాపుతో పాటే తగ్గింది.

బీమా దగ్గర కొంత చికాకు పడ్డాను. కాగితాల మీద దంత విభాగం అని చూడగానే పంటి వైద్యానికి డబ్బు రాదన్నారు. ప్రమాదంలో విరిగిన ముఖం ఎముకకు ఆసుపత్రిలో చేర్చుకుని చేసిన ఆపరేషన్ అని మేడమ్ లెటర్ రాసిచ్చారు. దానికి స్కాన్ రిపోర్టూ మెడికో లీగల్ కాగితమూ జతచేసి పంపాక కదిలింది. పాలసీలో కూడా దంత వైద్యం మినహాయింపు పక్కనే, ప్రమాదం వల్ల అయితే వర్తించదని రాసి ఉంది. అడిగేదాకా ఎవరూ చెప్పరు.

ప్లేట్లు ఇబ్బంది పెడితే తప్ప తీయనక్కర్లేదట. టైటానియాన్ని అయస్కాంతం లాగదు కాబట్టి ఎంఆర్ఐకీ భయం లేదు. స్పర్శ మాత్రం నిదానంగా వస్తోంది. మొదట పై పెదవిలో చీమలు పాకినట్టు ఉండేది, ఇప్పుడు గడ్డం గీసుకునేటప్పుడు బ్లేడు తెలుస్తోంది. ముక్కు పక్కన కొంత మేర ఇంకా మొద్దుగానే ఉంది.