రెండో సగం

మన హాస్టల్ ప్రార్థనాలయంలో బెంచీలు రెండు వరుసలుగా ఉండేవి, గుర్తుందా? సాయంత్రం జపమాలకి కుడి వరుస వాళ్ళు "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా వందనము" అని ఎత్తుకుంటే, ఎడమ వరుస వాళ్ళం "పరిశుద్ధ మరియమ్మా" అని అందుకునేవాళ్ళం. చేరిన రోజున నాకు ఎడమ వైపు చోటు దొరికింది. పదో తరగతి అయ్యేదాకా అక్కడే. అంటే ఐదేళ్ళ పాటు రోజుకి యాభై సార్లు నేను చెప్పింది రెండో సగమే. మొదటి సగం నా చెవుల్లో ఉండేది, రెండోది నా నోట్లో ఉండేది. నిద్ర ముంచుకొచ్చినా, మర్నాడు లెక్కల పరీక్ష ఉన్నా, నోరు దాని పని అది చేసుకుపోయేది. దాన్ని ప్రార్థన అనొచ్చో లేదో అప్పట్లో నాకు తెలియదు. మన పాత విద్యార్థుల ఈ సంచికకి ఏదైనా రాయమని అడిగినప్పుడు ముందు గుర్తొచ్చింది మాత్రం అదే.

రెండోది సిస్టర్ గారి సత్యోపదేశం క్లాసు, అంటే మతబోధ క్లాసు. ఆవిడ పేరు రాయను, పేరు రాస్తే ఆవిడకి ఇష్టం ఉండదని మీకూ తెలుసు. ఏడు సంస్కారాల పాఠంలో ఒకరోజు ఒక ప్లాస్టిక్ బొమ్మ, గ్లాసుడు నీళ్ళు పట్టుకొచ్చారు. ప్రాణం మీదికొచ్చినప్పుడు గురువు, అంటే ఫాదర్ గారు, అందుబాటులో లేకపోతే ఎవరైనా జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇవ్వొచ్చని, శ్రీసభ (చర్చి) చేసేదే తానూ చేయాలన్న ఉద్దేశం ఉంటే చాలని చెప్పి, ఒక్కొక్కరి చేతా చేయించారు. మేము నవ్వుకున్నాం. ఒకడు బొమ్మ కళ్ళలో నీళ్ళు పోశాడు. సిస్టర్ గారు కోప్పడలేదు. "తడి తగిలితే చాలదు, నీళ్ళు తల మీద పారాలి. నవ్వండి, కానీ మాటలు మర్చిపోకండి" అన్నారు. పరీక్షలో అది రెండు మార్కుల ప్రశ్న. నాకు రెండూ వచ్చాయి.

బడి వదిలిన చాలా ఏళ్ళకి మా రెండో పాప ఇరవై ఆరో వారంలోనే పుట్టేసింది. ఎనిమిది వందల గ్రాములు. పదకొండు రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంది. పదో రాత్రి డాక్టర్ గారు నన్ను పక్కకి పిలిచి, ఇక మన చేతుల్లో లేదని చెప్పారు. మా విచారణ (చర్చి పరిధి) గురువులకి ఫోన్ చేస్తే వెంటనే బయలుదేరారు, కానీ రావడానికి కనీసం రెండు గంటలు పడుతుంది. నర్సుని అడిగాను. ఆమె మన మతం కాదు. నేను ఏం చేయబోతున్నానో ఒక్క ముక్కలో చెబితే, లోపలికి వెళ్ళి చిన్న సిరంజిలో శుభ్రమైన నీళ్ళు తెచ్చింది. చల్లగా ఉన్నాయని సిరంజిని గుప్పిట్లో పట్టుకుని కాసేపు వెచ్చబెట్టింది. తర్వాత ఒక చుక్క తన చేతి మీద వేసుకుని చూసుకుని నాకిచ్చింది. అద్దం పెట్టెకున్న గుండ్రటి కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టాను. పాప తల నా బొటనవేలూ చూపుడువేలూ కలిపి చేసిన సున్నాలో ఇమిడిపోయేలా ఉంది. పేరు పెట్టి పిలిచి, "నేను నీకు జ్ఞానస్నానమిస్తున్నాను, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున" అని ఒక్కో నామానికీ కొంచెం నీళ్ళు పోశాను. నీళ్ళు పారాయా అని వంగి చూశాను. పారాయి. చెవి వెనక నుంచి గుడ్డ మీదికి జారాయి.

తెల్లవారుజామున పాప వెళ్ళిపోయింది.

గురువుగారు వచ్చాక జ్ఞానస్నానం మళ్ళీ ఇవ్వలేదు. ఆ సంస్కారం ఒక్కసారే, రెండోసారి ఇవ్వరు. ఏ నీళ్ళు వాడావు, ఏ మాటలన్నావు అని మాత్రం అడిగారు. సమాధి పూజకి తెల్ల వస్త్రాలు వేసుకున్నారు. ఆ వారంలోనే విచారణ ఆఫీసులో రిజిస్టరు తీసి నా ముందే రాశారు. తండ్రి పేరు అన్న గడిలో నా పేరు. జ్ఞానస్నానం ఇచ్చినవారు అన్న గడిలోనూ నా పేరే. సిరా ఆరేదాకా ఆయన పుస్తకం మూయలేదు, నేనూ కుర్చీలోంచి లేవలేదు.

ఇదంతా చదివి నా విశ్వాసం ఆ రాత్రి గట్టిపడిందని అనుకునేరు. ఆ రాత్రి నన్ను నడిపించింది సిస్టర్ గారి పాఠం. అది అయిపోయాక నా దగ్గర ఏమీ మిగల్లేదు. ప్రార్థించాలని మోకరిస్తే లోపల గోడకి ఎదురుగా నిలబడినట్టు ఉండేది. కోపం ఉన్నా బాగుండేది, కోపంలో కనీసం ఎదుటి మనిషి ఉంటాడు. పెద్దమ్మాయికి మొదటి సత్ప్రసాదం (పూజలో తీసుకునే అప్పం) తరగతులు నడుస్తున్నాయి కాబట్టి ఆదివారం పూజకి వెళ్ళేవాణ్ణి. చివరి బెంచీలో కూర్చునేవాణ్ణి. పాటలు పాడేవాణ్ణి కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పలకరించడానికి వచ్చినవాళ్ళలో కొందరు "దేవుడు మంచి పువ్వుల్నే కోసుకుంటాడు" అన్నారు. ఇంకొకరు మా ప్రార్థనలో లోపం ఏదో ఉండి ఉంటుందన్నారు. ప్రేమతోనే అన్నారని ఇప్పుడు ఒప్పుకోగలను, కానీ అలాంటి మాటలు బిడ్డని పోగొట్టుకున్న ఇంట్లో అనకూడదు. నా భార్య వారం రోజులు ఆ పువ్వు మాటే తలుచుకుని ఏడ్చింది. మాకు సాయపడింది విన్సెంట్ డి పాల్ సంఘం నుంచి వచ్చిన ఇద్దరు. వాళ్ళు ఎప్పుడూ ఇద్దరిద్దరుగానే ఇళ్ళకి వెళ్తారు. 1833లో ప్యారిస్‌లో ఇరవై ఏళ్ళ ఫ్రెడరిక్ ఓజానామ్ తన తోటి విద్యార్థులతో కలిసి ఆ సంఘం మొదలుపెట్టినప్పటి నుంచీ పేదల ఇంటికి వెళ్ళి పక్కన కూర్చోవడమే దాని పని. ఆ ఇద్దరూ మా ఇంట్లో అరగంట కూర్చున్నారు. ఆసుపత్రి కాగితాలన్నీ సర్ది ఫైల్లో పెట్టారు. పాప పేరు అడిగి, వెళ్ళేటప్పుడు ఆ పేరు ఒకసారి పైకి పలికారు. అంతే.

కొన్ని నెలలకి పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోడానికి, వెళ్ళాను. పూజలో బైబిలు పఠనాలు చదివే పనీ, యువతకి క్లాసు చెప్పే పనీ రెండూ మానేస్తానని, నమ్మకం లేని మనిషి నమ్మకం గురించి చెప్పడం మోసమని గురువుగారితో అన్నాను. ఆయన యేసు సభ (జెస్విట్లు) స్థాపకులు లొయోలా ఇగ్నేషియస్ గారి నియమం ఒకటి చెప్పారు. మనసు ఎండిపోయి చీకట్లో ఉన్న కాలంలో, వెలుగులో ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని మార్చకూడదట. ఇగ్నేషియస్ గారు 1521లో పాంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి, మంచాన పడి, తన మనసు ఏ ఆలోచనకి తేలికపడుతోందో, ఏ ఆలోచనకి ఎండిపోతోందో గమనించుకున్న మనిషి. అది ఎవరో పుస్తకం ముందేసుకుని రాసిన నియమం కాదని నాకు అర్థమైంది. ప్రాయశ్చిత్తంగా ఆయన ఇచ్చింది ఇంకా చిన్నది: నెల రోజులు సాయంత్రం పూజకి ముందు చెప్పే జపమాలలో కూర్చోవడం. "చెప్పక్కర్లేదు, కూర్చో" అన్నారు.

అక్కడికి వచ్చేవాళ్ళు ఎనిమిది, తొమ్మిది మంది. దాదాపు అందరూ పెద్దవాళ్ళు. ఒక పెద్దావిడ మొదలుపెట్టేవారు, మిగతావాళ్ళు అందుకునేవారు. నన్ను చూసి ఆవిడ ఏమీ అడగలేదు. పక్కన పెట్టుకున్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని చోటిచ్చారు. మర్నాటి నుంచి నేను వెళ్ళేసరికే ఆ సంచీ ఒళ్ళో ఉండేది. మూడు వారాలు నోరు విప్పలేదు. నాలుగో వారంలో ఒకరోజు, ఎప్పుడు మొదలైందో నాకే తెలియదు, నేను "పరిశుద్ధ మరియమ్మా" అంటున్నాను. ఎడమ వరుస బెంచీ నాలోంచి లేచి మాట్లాడినట్టు అనిపించింది.

మొదటి సగం మాత్రం రాలేదు. ఎందుకు రావడం లేదో కొన్నాళ్ళకి తెలిసింది. మొదటి సగమంతా లూకా సువిశేషం (సువార్త) లోది. గాబ్రియేలు దూత మరియమ్మకి చెప్పిన వందనం, ఎలిజబెతమ్మ ఆమెని చూసి ఆనందంతో అన్న మాటలు. అందులో గర్భఫలం అన్న మాట ఉంది. ఆ మాట దగ్గర నా గొంతు పట్టేసేది. రెండో సగం లేఖనం కాదు, శ్రీసభ తన అవసరం కొద్దీ చేర్చుకున్న మనవి. ఇప్పుడు మనం చెప్పే రూపంలో అది 1568 నాటి రోమను ప్రార్థన గ్రంథంలో స్థిరపడింది. అందులో సంతోషించమని ఎవరూ అడగరు. పాపాత్ములం, మా కోసం వేడుకోండి, ఇప్పుడూ, చావు వేళలోనూ. అంతే ఉంది అందులో. స్తుతించడం నా వల్ల కాలేదు, అడగడం అయ్యింది. ఆ పెద్దావిడ నా తరఫున స్తుతించేవారు, నేను ఆవిడ వెనక అడుక్కునేవాణ్ణి. రెండూ కలిస్తేనే ఒక జపం.

పూజలో పరలోక జపం తర్వాత, ఒకరికొకరు సమాధానం (శాంతి) పంచుకునే ముందు గురువు చేసే ప్రార్థన ఒకటుంది: మా పాపాలను కాక మీ శ్రీసభ విశ్వాసాన్ని చూడండని. చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఆ రోజుల్లో మొదటిసారి నిజంగా విన్నాను. ప్రభువు నా విశ్వాసాన్ని చూస్తే అక్కడేమీ లేదు. కానీ చూడమంటున్నది దాన్ని కాదు కదా. మార్కు సువిశేషం రెండో అధ్యాయంలో పక్షవాత రోగిని నలుగురు మోసుకొచ్చి ఇంటికప్పు తీసి దించుతారు. యేసు చూసింది "వారి" విశ్వాసాన్ని. మంచం మీద ఉన్నవాడికి ఎంత విశ్వాసం ఉందో సువిశేషం చెప్పనే చెప్పదు. నా మంచాన్ని ఎవరెవరు పట్టుకున్నారో నాకు తెలుసు. అందులో ఒకరు సిరంజి వెచ్చబెట్టిన నర్సు.

అప్పుడే సిస్టర్ గారి నుంచి ఉత్తరం వచ్చింది. ఆవిడకి మన బ్యాచ్ వాళ్ళెవరో చెప్పారట. ఓదార్పు మాట ఒక్కటీ లేదు. "88వ కీర్తన చదువు. మేము ప్రతి శుక్రవారం రాత్రి పడుకోబోయే ముందు అదే చెప్తాం. నీ పాప పేరు కలుపుతాను" అని మూడు వాక్యాలు. తీసి చదివాను. మిగతా విలాప కీర్తనలు దాదాపు అన్నీ, ఎంత ఏడ్చినా చివర్లో ఎక్కడో ఒకచోట ఆశ వైపు తిరుగుతాయి. ఇది తిరగదు, చీకట్లోనే ఆగిపోతుంది. అలాంటి కీర్తనని శ్రీసభ తీసి పారేయలేదు. శుక్రవారం, ప్రభువు చనిపోయిన రోజు, రాత్రి ప్రార్థనలో పెట్టింది. నాకు నేనుగా దేవుడితో అనడానికి భయపడిన మాటలన్నీ అప్పటికే ప్రార్థనలో ఉన్నాయి. ఆ రాత్రి నా భార్యా నేనూ ఒక్కో చరణం మార్చి మార్చి చదివాం. లిసియ పునీత తెరేజమ్మ కూడా చివరి ఏడాదిన్నర, 1896 పాస్కా పండుగ (ఈస్టర్) నుంచి చనిపోయేదాకా, ఇలాంటి చీకట్లోనే ఉందని, విశ్వాస సంగ్రహాన్ని, అంటే మనం నమ్మేవాటిని చెప్పే ప్రార్థనని, తన రక్తంతో రాసి గుండె దగ్గర పెట్టుకుందని తర్వాత తెలిసింది. చనిపోయేనాటికి ఆమెకి ఇరవై నాలుగేళ్ళు.

ఏడాది తిరిగి పాప పోయిన రోజు వచ్చింది. సోమవారం, జపమాలలో ధ్యానించేది సంతోష దేవరహస్యాలు, అంటే యేసు పుట్టుక, బాల్యపు ఘట్టాలు. ఇంట్లో జపమాల ఎప్పుడూ నా భార్యే మొదలుపెట్టేది, నేనూ పెద్దమ్మాయీ అందుకునేవాళ్ళం. ఆ ఏడాదంతా నాకు ఒక్కరోజు కూడా నువ్వు మొదలుపెట్టు అనలేదు. నాలుగో రహస్యం, బాలయేసుని దేవాలయంలో సమర్పించడం. తల్లిదండ్రులు బిడ్డని ఎత్తుకెళ్ళి దేవుడి చేతిలో పెట్టడం, ముసలి సిమియోను ఆ తల్లితో నీ హృదయంలోకి ఖడ్గం దూసుకుపోతుందనడం. పరలోక జపం అయ్యాక ఆమె ఆగిపోయింది. పూస వేళ్ళ మధ్య ఉంది, పెదవులు కదులుతున్నాయి, గొంతు రావడం లేదు. పెద్దమ్మాయి నా వైపు చూసింది.

నేను మొదలుపెట్టాను. "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా వందనము." గర్భఫలం అన్న మాట దగ్గరికొచ్చేసరికి గొంతు వణికింది కానీ ఆగలేదు. మాట దాటి యేసు పేరు పలికాను. కాసేపు నిశ్శబ్దం. తర్వాత "పరిశుద్ధ మరియమ్మా" అని ఆమె అందుకుంది. ఆ పది జపాలూ అలాగే నడిచాయి.

నేనిప్పుడు ఆ విన్సెంట్ డి పాల్ సంఘంలో ఉన్నాను. ఇద్దరిద్దరుగా ఇళ్ళకి వెళ్తాం. పఠనాలు మళ్ళీ చదువుతున్నాను. చీకటి పూర్తిగా పోయిందని చెప్పను. ఒక్కోసారి వారాల తరబడి వచ్చి కూర్చుంటుంది. అలాంటప్పుడు సాయంత్రం ఆ బెంచీలోకి వెళ్తాను. పెద్దావిడ కిందటేడు చనిపోయారు. ఇప్పుడు వేరేవాళ్ళు మొదలుపెడుతున్నారు.

పాత విద్యార్థులం కలుసుకునే రోజున పూజ అయ్యాక ప్రార్థనాలయంలో జపమాల కూడా పెట్టారని కార్యక్రమాల పట్టికలో చూశాను. మనం చదివేటప్పుడు లేని వెలుగు దేవరహస్యాలు 2002లో రెండవ జాన్ పౌలు పోపుగారు చేర్చారు కదా, ఆ రోజు గురువారం కాబట్టి అవే వస్తాయి. నేను ముందుగానే వచ్చి ఎడమ వరుసలో నా పాత చోట్లోనే కూర్చుంటాను. కుడి వరుస వాళ్ళు ఎవరొచ్చినా సరే, మొదలుపెట్టండి.