పావు మైలు, నాలుగు గేర్లు

చిత్తూరులో వేలూరు రోడ్డు పక్కన మా నాయనకు లారీల మరమ్మతు షెడ్డు ఉండేది. 1970లలో ఆ షెడ్డులో స్పానర్లు అందిస్తూ పెరిగిన నాకు అమెరికా డ్రాగ్ రేసింగ్ మీద, అందులోనూ ప్రో స్టాక్ అనే ఒక్క తరగతి మీద, ఇంత మమకారం ఎలా కుదిరిందని మా పిల్లలు అడుగుతూ ఉంటారు. ఆ తరగతిలో నాకు ఇష్టమైన కార్లను గురించీ, వాటిని నడిపిన మనుషులను గురించీ ఒకచోట రాసి పెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఈ పందెం చూడడానికి చాలా సులువుగా ఉంటుంది. రెండు కార్లు పక్కపక్కన నిలబడి, దీపస్తంభం మీద పచ్చదీపం వెలగగానే బయలుదేరి, తిన్నగా పావు మైలు, అంటే 402 మీటర్లు పరుగెత్తుతాయి. ముందు చేరిన కారు తరువాతి రౌండుకు వెళుతుంది, ఓడిన కారు ఇంటికి పోతుంది. 1951లో ఏర్పడిన ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్) అనే సంస్థ 1970లో ఇందులో ప్రో స్టాక్ తరగతిని ప్రవేశపెట్టింది. దాని అప్పటి నియమాలను నేను ఇప్పటికీ వేళ్ల మీద చెప్పగలను. కారు జనం కొని రోడ్డు మీద నడుపుకునే కారు లాగే కనిపించాలి. ఇంజను ఆ కారు చేసిన కంపెనీదే అయి ఉండాలి. అది పెట్రోలుతోనే నడవాలి. గాలిని బలవంతంగా లోపలికి తోసే సూపర్‌చార్జర్ ఉండకూడదు. ఇంజను పరిమాణంలో ప్రతి ఘనపు అంగుళానికీ కారు 7 పౌండ్ల బరువు తూగాలి. అంటే 427 ఘనపు అంగుళాల ఇంజను పెట్టుకున్నవాడు 2,989 పౌండ్ల కారును, మన లెక్కలో సుమారు 1,356 కిలోల కారును, ఈడ్చుకుపోవాలి. ఆ తరగతి కథంతా ఈ బరువు లెక్క చుట్టూనే తిరిగింది.

మాకు ఈ సంగతులన్నీ మద్రాసు మూర్ మార్కెట్ నుంచి వచ్చేవి. విడిభాగాల కోసం నాయన మద్రాసుకు పోయినప్పుడల్లా, పాత పుస్తకాల అంగళ్లలో అమెరికా కార్ల పత్రికలను కట్టలుగా తూకానికి కొనుక్కొచ్చేవాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. బొమ్మల కోసం కొనేవాడు, నా చేత చదివించుకునేవాడు. ఆ పత్రికలు అచ్చయిన రెండేళ్లకో మూడేళ్లకో మా చేతికి అందేవి కాబట్టి, అక్కడ ముగిసిపోయిన పందేలు మాకు అప్పుడే మొదలయ్యేవి. అట్టలు ఊడిపోయి, మధ్యలో పుటలు చిరిగిపోయి ఉండడం వల్ల ఎన్నో పందేల్లో ఎవరు గెలిచారో తెలియకుండానే ఉండిపోయింది.

నా మొదటి అభిమానం రానీ సాక్స్ మీద. ఉత్తర కరోలినాలోని బర్లింగ్టన్ నుంచి సాక్స్ అండ్ మార్టిన్ అనే పేరుతో ఇద్దరు భాగస్వాములు ఎరుపు, తెలుపు, నీలం రంగుల ప్లిమత్ కార్లను దింపేవారు. బడ్డీ మార్టిన్ వ్యవహారం చూసేవాడు, సాక్స్ నడిపేవాడు. వాళ్ల కారులో 426 ఘనపు అంగుళాల హెమీ ఇంజను ఉండేది. దాని దహన గది అర్ధగోళం ఆకారంలో ఉంటుంది కాబట్టి వాల్వులను పెద్దవిగా, ఎదురెదురుగా పెట్టవచ్చు, గాలి ధారాళంగా వచ్చిపోతుంది. అయితే నన్ను పట్టుకున్నది ఇంజను కాదు, ఆయన కుడిచెయ్యి. నాలుగు గేర్ల పెట్టెను చేత్తో మార్చడంలో ఆయనకు సాటి లేరని అప్పటివాళ్లందరూ రాశారు. ఆ కాలంలో పందెపు గేర్ బాక్సుల్లో గేర్ల వేగాలను కలిపే సింక్రో రింగులను తీసేసి, గేరును పట్టుకునే చిన్న పళ్లలో ఒకటి విడిచి ఒకటి కోసేసేవారు. అప్పుడు గేరు వేగంగా పడుతుంది గానీ, ఇంజను వేగం సరిగ్గా కుదిరిన క్షణంలో వేయకపోతే పళ్లు రాలిపోతాయి. ఇది చదివి చెప్పినప్పుడు నాయన చేతిలో పని ఆపేసి, మళ్లీ మొదటినుంచి చదవమన్నాడు.

ఆయనకు అది తెలిసిన విద్య. షెడ్డు పెట్టకముందు నాయన బెల్లం మూటలు వేసుకుని చిత్తూరు నుంచి పలమనేరు మీదుగా బెంగుళూరుకు లారీ తోలేవాడు. మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు ఆ పాత గేర్ బాక్సులో రెండుసార్లు క్లచ్ తొక్కి, మధ్యలో ఇంజనును సరైన వేగానికి తెచ్చి గేరు దించాలి. తప్పితే నిండు లోడుతో లారీ వెనక్కి జారుతుంది. “ఇంజను ఏం చెప్తా ఉందో ఇను, ముల్లును చూడొద్దు” అని నాకు ఆయన నేర్పిన పాఠం అదొక్కటే. సాక్స్ ఆ పనిని సుమారు 10 సెకన్లలో మూడుసార్లు చేస్తాడు, ప్రతిసారీ తప్పకుండా చేస్తాడు. అందుకే, లెక్కల్లో ఆయనను మించిన విజయాలు మరికొందరికి ఉన్నా, డ్రైవర్‌గా మాత్రం నా దృష్టిలో ఆయనే మొదటివాడు.

ఆయనకు ఎదురు నిలిచినవాడు బిల్ జెంకిన్స్. ఎప్పుడూ చిరచిరలాడుతూ ఉంటాడని అందరూ ఆయనను గ్రంపీ అనేవారు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతూ, తండ్రి చనిపోవడంతో మధ్యలో మానేశాడు. తరువాత పెన్సిల్వేనియాలోని మాల్వర్న్‌లో షెవ్రొలే ఇంజన్లు తయారుచేస్తూ స్థిరపడ్డాడు. 1970లో కాలిఫోర్నియాలోని పొమోనాలో జరిగిన మొట్టమొదటి ప్రో స్టాక్ పందెం ఫైనల్లో తన 1968 కమారోతో సాక్స్‌ను ఓడించింది ఈయనే. ఆ తరువాత హెమీ కార్లు పుంజుకుని 1971లో చాలావరకు పందేలను ఎత్తుకుపోయాయి. చిన్న ఇంజన్ల చిన్న కార్లకు నియమాలను కొంచెం సడలించి, ఘనపు అంగుళానికి 6.75 పౌండ్లు చాలని 1972లో సంస్థ చెప్పింది. ఆ పావు పౌండు తేడాలో ఏముందో మిగిలినవాళ్ల కంటే ముందు జెంకిన్స్ చూశాడు.

షెవ్రొలే వేగా అనే బుల్లి కారులో ఆయన 331 ఘనపు అంగుళాల ఇంజను దించాడు. లెక్క వేస్తే ఆ కారు 2,234 పౌండ్లు, అంటే సుమారు 1,013 కిలోలు తూగితే చాలు. హెమీ కారు కంటే అది 300 కిలోలకు పైగా తేలిక. పొమోనాలో పందేనికి ముందు జరిగే అర్హత పరుగుల్లో 32 కార్ల పట్టికలో ఆయనకు 17వ స్థానం వచ్చింది. అక్కడినుంచి ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చి పందెం గెలిచాడు. ఆ ఏడాది జరిగిన 8 జాతీయ పందేల్లో 6 ఆయనవే. మా షెడ్డు గోడకు చాలాకాలం అంటించి ఉన్న బొమ్మ ఆ తెల్ల వేగాదే. గ్రీజు చేతులు తగిలి తగిలి దాని అంచులు నల్లబడిపోయాయి.

1974లో జెంకిన్స్ మరొక వేగాను మొత్తం ఉక్కు గొట్టాల చట్రం మీద కట్టాడు. పనితనంలో అది అద్భుతం. అయినా ఒక మాట చెప్పాలి: కంపెనీ చేసిన కారును విప్పి బాగుచేసే తరగతి, కారు ఆకారాన్ని కొత్త చట్రానికి తొడిగే తరగతిగా మారడం ఆ కారుతోనే మొదలైంది. ఆయన మీద నాకున్న గౌరవం తగ్గలేదు గానీ, ఆ కారు బొమ్మను నేను గోడకు అంటించలేదు.

డాన్ నికల్సన్ గురించి చదివిన మొదటిసారి నేను పొరబడ్డాను. 1960లలో ఆయన మెర్క్యురీ కామెట్ కార్లతో పేరు తెచ్చుకున్నాడు. మాకు కామెట్ అంటే అశోక్ లేలాండ్ లారీ. లారీతో పందెమా అని నేనూ మా తమ్ముడూ ఒక రోజంతా ఆశ్చర్యపోయాం. ఇంజను శక్తిని కొలిచే డైనమోమీటర్ మీద పెట్టి కారును సరిచేయడంలో ముందు నడిచినవాడు కాబట్టి ఆయనకు డైనో డాన్ అనే పేరు స్థిరపడింది. 1977లో, 50 ఏళ్ల వయసులో, ముస్టాంగ్‌తో ప్రో స్టాక్ విజేత అయ్యాడు.

వేన్ గ్యాప్, జాక్ రౌష్ అనే ఇద్దరు ఫోర్డ్ ఇంజనీర్లు తెచ్చిన మేవరిక్‌ను తలుచుకుంటే ఇప్పటికీ ముఖాన నవ్వు వస్తుంది. అది నాలుగు తలుపుల సంసారుల బండి. చక్రాల మధ్య దూరం ఎక్కువగా ఉన్న కార్లకు బరువులో వెసులుబాటు ఉందని గమనించి, రెండు తలుపుల కారును వదిలి దాన్ని పందేనికి తెచ్చారు. టిజువానా టాక్సీ అని జనం దానికి ముద్దుపేరు పెట్టారు. మా కలెక్టరాఫీసు దగ్గర నిలబడే అంబాసిడర్లలో ఒకటి లేచి పావు మైలు పరుగెత్తినట్టుగా ఉండేది నాకు ఆ బొమ్మ.

బాబ్ గ్లిడన్‌ను మాత్రం నిదానంగా ఇష్టపడ్డాను. ఇండియానా రాష్ట్రంలోని వైట్‌లాండ్‌లో ఉండేవాడు, ఫోర్డ్ కార్ల అంగడిలో మెకానిక్‌గా పనిచేసినవాడు. గ్యాప్, రౌష్ దగ్గర కొన్న పింటో కారుతో వచ్చి, 1973లో ఇండియానాపోలిస్‌లో మొదటి పెద్ద విజయం సాధించాడు. మొత్తం మీద 85 విజయాలు, 10 ఛాంపియన్‌షిప్‌లు మూటగట్టుకున్నాడు. ఎటా అనే ఆయన భార్య పందెం దగ్గర కారు పనిలో పక్కనే ఉండేది, తరువాత కొడుకులూ చేరారు. మా షెడ్డులోనూ లెక్కలన్నీ అమ్మే చూసేది కాబట్టి ఆ కుటుంబం నాకు తెలిసిన కుటుంబం లాగే అనిపించేది. 1986లో అట్లాంటాలో ఆయన కారు పల్టీలు కొట్టి నుజ్జయింది. బయటికి వచ్చిన మనిషి మొదట చేసిన పని, ఇంజను పైభాగంలోని తన పనితనం పోటీదారుల కంట పడకుండా దాని మీద జాకెట్ కప్పడం. ఇది చాలా ఏళ్ల తరువాత తెలిసింది. నాయనకు చెబితే, ఏ వింతా లేనట్టు తల ఊపాడు.

చివరగా లీ షెపర్డ్. టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌కు చెందిన రెహర్, మారిసన్ తయారుచేసిన కమారోను ఆయన నడిపేవాడు. 1981 నుంచి 1984 వరకు వరుసగా నాలుగేళ్లు ఛాంపియన్. 1982లో బరువు లెక్కలన్నీ రద్దుచేసి, అందరికీ 500 ఘనపు అంగుళాల ఇంజను, 2,350 పౌండ్ల బరువు అని ఒకే నియమం పెట్టారు. పాత నియమంలోనూ కొత్త నియమంలోనూ ఆయనే గెలిచాడు కాబట్టి, నాకు నచ్చిన పాత తరగతికి ఆఖరి మనిషిగా ఆయనను చెప్పుకుంటాను. 1985 మార్చిలో ఓక్లహోమాలో కారును పరీక్షిస్తుండగా ప్రమాదంలో ఆయన మరణించాడు. ఆ ఏడాదే మే నెలలో మూర్ మార్కెట్ కాలిపోయింది. ఆ ప్రమాదం వార్త ఉన్న పత్రిక మా చేతికి రాలేదు. మా దగ్గర మిగిలిన చివరి కట్టలో షెపర్డ్ ఇంకా 1982 పందేలు గెలుస్తూనే ఉన్నాడు, ఆయన మరుసటి ఏడు ఏం చేస్తాడోనని నేనూ నాయనా మాట్లాడుకుంటూనే ఉన్నాం. చిత్తూరులో కొత్తగా పెట్టిన ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఆయన పేరు కొట్టి చూసేనాటికి ఆయన పోయి పదిహేనేళ్లు దాటింది.