ఫ్రాక్టల్స్: బొమ్మ పక్కన పెట్టి లెక్క పట్టుకున్నాక

ఎంత దగ్గరికెళ్లి చూసినా కొత్త వివరాలు బయటపడుతూనే ఉండే ఆకారాలే ఫ్రాక్టల్స్. జూమ్ చేసే వీడియోలు ఎన్ని చూసినా వాటి గణితం ఒంటబట్టదు. నాకు దారి చూపింది తెల్ల కాగితం, దాని మీద గణితవేత్త హెల్గే వాన్ కోచ్ 1904లో ఇచ్చిన వక్రం.

గీతను మూడు సమభాగాలు చేయాలి. నడిమి ముక్క తీసేసి, అంతే పొడవున్న రెండు ముక్కల్ని అక్కడ గుడారంలా నిలపాలి. మూడు ముక్కలు నాలుగయ్యాయి కాబట్టి పొడవు 4/3 రెట్లు. ప్రతి ముక్క మీదా మళ్లీ ఇదే తంతు. సమబాహు త్రిభుజం భుజాల మీద ఇలా చేస్తూ పోతే చుట్టుకొలతకు అంతుండదు. వైశాల్యం అలా కాదు. మొదటి విడతలో 1/3 వంతు కలుస్తుంది, ఆపైన ప్రతిసారీ కలిసేది ముందుదానిలో 4/9 వంతే. గుణశ్రేఢి మొత్తం కడితే 3/5. అంటే ఎంత పెరిగినా మొదటి త్రిభుజానికి 8/5 రెట్లు దాటదు. బడిలో మొక్కుబడిగా చదివిన గుణశ్రేఢికి ఇంత పనుందా అనిపించింది.

డైమెన్షన్ దగ్గర చాలాకాలం ఆగిపోయాను. ఒకటికీ రెండుకీ మధ్య డైమెన్షన్ ఏమిటి? గీతను మూడు రెట్లు సాగదీస్తే అందులో పాత గీతలు 3 పడతాయి. చతురస్రమైతే 9, ఘనమైతే 27. ఆ 3 మీది ఘాతమే డైమెన్షన్. కోచ్ వక్రాన్ని మూడు రెట్లు చేస్తే పాతవి 4 పడతాయి. 3 మీద ఏ ఘాతం వేస్తే 4 వస్తుంది? లాగ్ 4ను లాగ్ 3తో భాగిస్తే సుమారు 1.26. హౌస్‌డార్ఫ్ అనే గణితవేత్త 1918లో డైమెన్షన్‌కి ఇచ్చిన నిర్వచనం జోలికి మొదట్లోనే పోకండి, దానికి మెజర్ థియరీ, అంటే పొడవు, వైశాల్యం లాంటి కొలతల సిద్ధాంతం కావాలి.

మాండెల్‌బ్రాట్ సెట్‌కి సంకీర్ణ సంఖ్యలు (వర్గం −1 అయ్యే ‘ఐ’ కలిసిన సంఖ్యలు) తప్పవు. సి అనే సంఖ్య ఒకటి తీసుకుని, సున్నాతో మొదలుపెట్టి, వచ్చినదాన్ని వర్గం చేసి సి కలుపుతూ పోవడమే. విలువలు హద్దు లేకుండా పెరిగిపోకపోతే ఆ సి సెట్‌లో ఉన్నట్టు. సి 1 అయితే 0, 1, 2, 5, 26... ఇక పట్టపగ్గాలుండవు. −1 అయితే 0, −1, 0, −1 అంటూ అక్కడక్కడే తిరుగుతుంది, అంటే సెట్‌లో ఉన్నట్టు. ప్రోగ్రాముల్లో అందరూ ‘మాడ్యులస్ 2 దాటితే ఆపు’ అని రాస్తారు (మాడ్యులస్ అంటే సున్నా నుంచి ఆ సంఖ్యకున్న దూరం), ఎందుకో చెప్పేవాళ్లు తక్కువ. కారణం త్రిభుజ అసమానత, అంటే త్రిభుజంలో ఏ భుజమూ మిగతా రెండిటి మొత్తాన్ని మించదన్న నియమం. మాడ్యులస్ 2 దాటి, సి మాడ్యులస్‌కి తగ్గకుండా ఉంటే, తర్వాతి మాడ్యులస్ కనీసం దాని వర్గంలోంచి దాన్నే తీసేసినంత ఉంటుంది. 2.5 ఉంటే తర్వాత కనీసం 3.75, ఆ తర్వాత 10 పైనే. ఇక వెనక్కి రాదు. ఇది కాగితం మీద తేలాకే ప్రోగ్రాం రాశాను.

ఈ సెట్ అంచు డైమెన్షన్ సరిగ్గా 2 అని షిషికురా అనే గణితవేత్త నిరూపించాడు. ఆ నిరూపణ అందుకోవాలనే ఇప్పుడు మెజర్ థియరీ మొదలుపెట్టాను.