మాకరోనీ డబ్బాలతో పూరిం

న్యూజెర్సీలో మార్చి నెలని వసంతం అనడానికి నాకు నోరు రాదు. చెట్లకి ఒక్క ఆకు ఉండదు, కారు నిండా రోడ్డు మీద చల్లిన ఉప్పు మరకలు, పైగా గడియారం గంట ముందుకి జరిపి ఉన్న నిద్ర కూడా లాగేసుకుంటారు. కానీ మా పక్కింటి పెద్దావిడ లెక్క వేరు. ఆవిడ యూదు, టీచరుగా చేసి రిటైరయ్యారు, ఎడిసన్ పక్కనే హైల్యాండ్ పార్క్‌లో వాళ్ళ ప్రార్థనా మందిరం, సినగాగ్. వాళ్ళ కేలండర్లో అదార్ నెల వచ్చిందంటే సంతోషం పెంచాలని వాళ్ళ ధర్మశాస్త్ర గ్రంథం తాల్ముద్‌లోనే రాసుందట, అందుకని బయట ఎంత చలిగా ఉన్నా ఆవిడ మాత్రం వసంతం వచ్చేసినట్టే తిరుగుతారు. 2025లో ఆ నెలలో వచ్చే పూరిం పండగకి మమ్మల్ని కూడా రమ్మన్నారు. "పాపకి ఏదో ఒక వేషం వెయ్యి, ఒక మాకరోనీ డబ్బా తెచ్చుకో" అన్నారు. వేషం సరే, మాకరోనీ ఎందుకో అప్పుడు అర్థం కాలేదు, అడిగితే "వచ్చాక తెలుస్తుందిలే" అన్నారు.

ఆ వారం మన వాట్సాప్ గ్రూపుల గోల గుర్తుండే ఉంటుంది. మార్చి 13 రాత్రి పౌర్ణమి, తెల్లారితే హోలీ, ఆ రాత్రే అమెరికాలో సంపూర్ణ చంద్రగ్రహణం, రంజాన్ నెల కూడా నడుస్తోంది. ఎన్ని గంటల నుంచి తినకూడదు, గర్భిణీలు ఏం చెయ్యాలి, హోలీ ఆ రోజే ఆడాలా వీకెండ్‌లో ఆడాలా, ఒకటే చర్చ. సరిగ్గా ఆ రాత్రే పూరిం కూడా. ఇందులో యాదృచ్ఛికం పెద్దగా లేదు, పూరిం అదార్ 14న, హోలీ ఫాల్గుణ పౌర్ణమికి, రెండూ చంద్రుణ్ణి చూసి లెక్కపెట్టే కేలండర్లే కాబట్టి చాలా ఏళ్ళు పక్కపక్కనే పడతాయి. గ్రహణం మాత్రం బోనస్, అది అర్ధరాత్రి దాటాక రెండున్నరకి సంపూర్ణం అన్నారు, నేను హాయిగా పడుకున్నా.

గుమ్మం దగ్గర ముందు కనిపించింది పోలీసు కారు, తర్వాత సెక్యూరిటీ గార్డు. బ్యాగులు తెరిచి చూస్తున్నాడు. నా ముందు ఒక నాలుగేళ్ళ స్పైడర్‌మ్యాన్, ఒక అరటిపండు, పెద్ద గడ్డం పెట్టుకున్న ఒక అమ్మాయి వరసలో నిలబడి వాళ్ళ చిన్న సంచులు తెరిచి చూపిస్తున్నారు, అది వాళ్ళకి అలవాటైపోయిన పనిలా ఉంది. మన గుళ్ళలో చెప్పులు విప్పినంత మామూలుగా ఇక్కడ పిల్లలు బ్యాగు చూపిస్తారు. ఆ విషయం గురించి ఎవరూ మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

లోపల గోల చెప్పలేను. రబ్బై గారు, అంటే వాళ్ళ మతగురువు, జిరాఫీ వేషంలో ఉన్నారు! ఆడా మగా కలిసే కూర్చునే కాంగ్రిగేషన్ ఇది, కొన్ని చోట్ల విడివిడిగా కూర్చోవాలట. మా పాప లంగా ఓణీ వేసుకుని రాణిని అంది, అక్కడ అప్పటికే ఓ పది మంది రాణులున్నారు, ఎందుకంటే ఈ పండగ హీరోయిన్ ఎస్తేరు రాణి.

మా గుంటూరు వైపు వాళ్ళకి ఈ పేరు కొత్తేం కాదు. స్కూల్లో నా క్లాసులోనే ఒక ఎస్తేరు రాణి ఉండేది, మీ క్లాసులో కూడా ఉండే ఉంటుంది. బైబిల్లో ఎస్తేరు గ్రంథం ఉంది, ఆ కథ మాత్రం నాకు ముక్కలు ముక్కలుగా తెలుసు, మొత్తంగా వినడం ఇదే. పర్షియా రాజు అహష్వేరోషు, రాజధాని షూషను, ఇప్పటి ఇరాన్‌లో ఉంది. మొదటి వాక్యంలోనే మన దేశం పేరు వస్తుంది, ఇండియా నుంచి ఇథియోపియా దాకా 127 సంస్థానాలు ఏలాడని, అది చదవగానే పక్కింటావిడ నన్ను మోచేత్తో పొడిచారు. రాజు నూట ఎనభై రోజులు వైభవం చూపించుకుని, ఆ తర్వాత వారం రోజుల విందులో బాగా తాగి రాణి వష్తిని అందరి ముందుకి వచ్చి అందం చూపించమంటాడు, ఆవిడ రానంటుంది, పదవి పోతుంది. (నా ఓటు వష్తికే, అక్కడ చాలామంది ఆడవాళ్ళ ఓటు కూడా ఆవిడకే అని తర్వాత తెలిసింది.) ఆ స్థానంలోకి ఎస్తేరు వస్తుంది, తను యూదునని ఎవరికీ చెప్పదు, పెంచిన మొర్దెకై చెప్పొద్దన్నాడు. ఈలోగా మంత్రి హామానుకి మొర్దెకై వంగి దండం పెట్టలేదని కోపం వచ్చి, ఒక్కడి మీద కోపానికి మొత్తం జాతిని చంపేద్దామని, ఏ రోజు చంపాలో చీట్లు వేస్తాడు. ఆ చీటికి వాళ్ళ మాట 'పూర్', దాని నుంచే పండగ పేరు. అదార్ 13 వస్తుంది. ఎస్తేరు మూడు రోజులు ఉపవాసం ఉండి, పిలుపు లేకుండా రాజు ముందుకి వెళ్తే తల పోతుందని తెలిసి కూడా వెళ్తుంది, రెండు విందులు పెట్టి, రెండో విందులో అసలు సంగతి చెప్తుంది. మొర్దెకై కోసం చేయించిన యాభై మూరల ఉరికొయ్యకి చివరికి హామానే ఎక్కుతాడు. ఇది నిజంగా జరిగిందా అంటే బయట ఆధారాలేం లేవంటారు, అహష్వేరోషు అంటే క్సెర్క్సెస్ అని మాత్రం ఎక్కువమంది లెక్క. నాకైతే సీరియల్ చూసినట్టే ఉంది, రాజుకి నిద్ర పట్టకపోవడం, పాత రికార్డులు చదివించుకోవడం, ఆ టైంకే హామాను రావడం, అన్నీ అలాంటి ట్విస్టులే. ఇంకో సంగతి, మొత్తం పది అధ్యాయాల్లో దేవుడి పేరు ఒక్కసారి కూడా రాదు, బైబిల్లో ఉన్న పుస్తకం అయ్యుండి!

ఇక మాకరోనీ సంగతి. ఈ కథని తోలు మీద చేత్తో రాసిన చుట్ట, మెగిల్లా అంటారు, దాన్ని ఉత్తరం మడిచినట్టు మడతలు పెట్టుకుని ఒకావిడ హీబ్రూలో రాగం తీసి చదువుతుంటే, హామాను పేరు వచ్చిన ప్రతిసారీ జనం అరుస్తారు, నేలని తన్నుతారు, చెక్క గిలకలు తిప్పుతారు, ఆ పేరు వినపడకూడదు. ఆ పేరు యాభై సార్లకి పైగా వస్తుంది. ఆ గిలకల బదులు వీళ్ళు మాకరోనీ డబ్బాలు ఊపుతారు, పండగయ్యాక అవన్నీ లేనివాళ్ళకి సరుకులిచ్చే ఫుడ్ పాంట్రీకి వెళ్ళిపోతాయి. పూరింకి కనీసం ఇద్దరు పేదవాళ్ళకి ఇవ్వడం ఎలాగూ విధి, ఆ విధి వేరేగా డబ్బులతో తీరుస్తారు, ఇది దాని మీద కొసరు. నాకు ఈ ఐడియా భలే నచ్చింది.

కానీ గమ్మత్తేంటంటే మెగిల్లాలో ప్రతి మాటా చెవిన పడాలి, ఒక్క మాట పోయినా విన్నట్టు కాదు. అంటే ఒక పక్క చెవులు పగిలేలా అరవాలి, ఇంకో పక్క ఒక్క అక్షరం వదలకూడదు. అందుకని చదివేవాళ్ళు ఆగుతారు, ఒక కుర్రాడు స్టాప్ బోర్డు పట్టుకుని నిలబడతాడు, బోర్డు ఎత్తగానే రెండు వందల మంది టక్కున నోరు మూస్తారు, నాలుగేళ్ళ స్పైడర్‌మ్యాన్‌తో సహా. ప్రార్థన చేసే చోట పిల్లల్ని ఉష్ ఉష్ అని కూర్చోబెట్టడమే చూసి పెరిగినదాన్ని నేను, ఇక్కడేమో పిల్లలు గోల చెయ్యకపోతే పెద్దవాళ్ళు "ఇంకా గట్టిగా" అంటున్నారు. మా పాప మొదటి రెండు సార్లు నా మొహం చూసింది, తిడతానేమోనని. మూడోసారి నుంచి ఇక ఆగలేదు, డబ్బా మూల చిరిగి నేలంతా మాకరోనీ.

హామాను పదిమంది కొడుకుల పేర్లు ఒకే ఊపిరిలో చదవాలి, పర్షందాతా, దల్ఫోను, అస్పాతా అని మొదలుపెట్టి ఆవిడ ఎక్కడా ఆగకుండా లాగేసింది, అందరూ చప్పట్లు. అయితే అక్కడే ఒక మెలిక ఉంది. తొమ్మిదో అధ్యాయంలో యూదులు తమ శత్రువుల్ని 75,000 మందిని చంపారని ఉంటుంది. పిల్లల నాటకాల్లో ఆ భాగం ఎప్పుడూ ఉండదు, హామాను చచ్చాడు, అందరం బతికాం, స్వీట్లు తిందాం, అంతే. ఇక్కడ రబ్బై ఆ భాగం మొదలవ్వకముందు జిరాఫీ తల తీసి పక్కన పెట్టి, ఇది చదవాలి కానీ గర్వంగా చదవకూడదు అని రెండు ముక్కలు చెప్పారు, ఆ వరసలు గొంతు తగ్గించి చదివారు. అందరూ అలా చెయ్యరట, దీని మీద వాళ్ళలో వాళ్ళకి ఏటా వాదనలేనని పక్కింటావిడ అన్నారు. వదిలేసి దాటిపోకుండా చదవడమే నాకు సబబుగా అనిపించింది.

తర్వాత తిండి. హామంటాషెన్ అని మూడు మూలల బిస్కెట్, మధ్యలో పూర్ణంలా గసగసాలు గానీ ఎండు ప్లమ్ గుజ్జు గానీ ఆప్రికాట్ జామ్ గానీ పెడతారు. కొత్తతరం వాళ్ళు న్యూటెల్లా కూడా పెడుతున్నారు, పెద్దావిడకి అది అస్సలు ఇష్టం లేదు. గసగసాలదే నాకు నచ్చింది, మన కజ్జికాయని మూడు మూలలు చేసి మూత తెరిచి పెట్టినట్టుంటుంది. పెద్దవాళ్ళ టేబుల్ దగ్గర విస్కీ, వైన్. హామానుని తిట్టామో మొర్దెకైని పొగిడామో తేడా తెలియనంత తాగాలని తాల్ముద్‌లోనే ఉంది, కింద వెంటనే ఇంకో కథ కూడా ఉంది, రబ్బా అనే పండితుడు పూరిం రోజు తాగిన మైకంలో స్నేహితుడు రబ్బీ జేరాని నరికేస్తాడు, తెల్లారి ప్రార్థన చేసి బతికించుకుంటాడు. మరుసటి ఏడాది మళ్ళీ రమ్మంటే జేరా "ప్రతిసారీ అద్భుతం జరగదు కదా" అని రాడు. ఈ కథ చెప్పిన పెద్దాయన చేతిలో ఉన్నది సోడా.

మాటల్లో నేను గుంటూరు వైపు అని తెలియగానే రబ్బై కళ్ళు పెద్దవి చేసి "బెనే ఎఫ్రాయిం తెలుసా?" అన్నారు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలున్నాయి, చిన్న సినగాగ్ కూడా ఉంది, పేపర్లో ఎప్పుడో చదివాను తప్ప వెళ్ళలేదు. మా ఊరి పక్క సంగతి హైల్యాండ్ పార్క్‌లో ఇంకొకరు నాకంటే బాగా చెప్పారు.

మర్నాడు పగలు మళ్ళీ మెగిల్లా చదువుతారు, నేను ఆఫీసుకి పోయా. సాయంత్రం చూస్తే గుమ్మం ముందు ఒక బుట్ట, అందులో హామంటాషెన్, ద్రాక్ష రసం, కమలాపళ్ళు. కనీసం ఒకరికి రెండు రకాల తినేవి పంపడం కూడా పూరిం విధే, మిష్లోఖ్ మనోత్ అంటారు, విధి యూదుల మధ్యేనట, మాకు మాత్రం ప్రేమకొద్దీ. తిరిగి ఏం పంపాలా అని తెగ ఆలోచించా, వాళ్ళ ఆహార నియమాలు పాటించే కోషర్ వంటిల్లు కాదు కదా మాది. ఆవిడే చెప్పారు, "నాకైతే మీ శాకాహారం ఫర్వాలేదు, సినగాగ్‌లో వాళ్ళకి మాత్రం సీల్ ఉన్న ప్యాకెట్ ఇవ్వు, దాని మీద కోషర్ గుర్తు చూసుకో" అని. బాదంపప్పు ప్యాకెట్లతో గట్టెక్కా.

వసంతం సంగతి అసలు ఇక్కడి నుంచే. పూరిం నుంచి సరిగ్గా నెలకి, తర్వాతి పౌర్ణమికి, పస్కా (పాసోవర్) పండగ. ముప్ఫై రోజుల ముందు నుంచే దాని గురించి మాట్లాడుకోవడం మొదలెట్టాలట, అంటే పూరిం తెల్లారి నుంచే. పస్కాకి ఇంట్లో పులిసే పిండివంట ముక్క కూడా ఉండకూడదు, గోధుమపిండి, బ్రెడ్, పాస్తా, బిస్కెట్ అన్నీ బయటికే, అల్మారాలు, సోఫా సందులు, కారు సీట్లు అన్నీ దులుపుతారు. మనం పండక్కి బూజులు దులుపుతాం కానీ వీళ్ళ ముందు మనది ఉత్తుత్తిదే. పస్కా వసంతంలోనే రావాలని వాళ్ళ మూల గ్రంథం తోరాలో ఉంది, చంద్రుడి లెక్కలో ఏడాదికి పదకొండు రోజులు తగ్గిపోతాయి కాబట్టి మన అధికమాసంలాగే వాళ్ళూ ఒక నెల కలుపుతారు, పంతొమ్మిదేళ్ళలో ఏడు సార్లు. మనకి అధికం ఒక్కోసారి ఒక్కో నెలకి వస్తుంది, వాళ్ళది ఎప్పుడూ అదారే, రెండు అదార్లు వచ్చిన ఏడు రెండోదాంట్లో పూరిం. 2024లో అలాగే వచ్చింది. అలా కలపకపోతే పూరిం కూడా రంజాన్‌లాగా అన్ని కాలాలూ చుట్టి వచ్చేది.

దీనివల్ల ఇంకోటి జరుగుతుంది, అది నేను రెండు కేలండర్లు పక్కన పెట్టుకుని చూసేదాకా నమ్మలేదు. అదార్ తర్వాతి నెల నీసాన్, తోరా ప్రకారం నెలల్లో మొదటిది. 2025లో నీసాన్ ఒకటో తారీఖు మార్చి 30, మన ఉగాది కూడా మార్చి 30. 2024లో రెండూ ఏప్రిల్ 9. 2026లో రెండూ మార్చి 19. పూత పట్టిన పళ్ళ చెట్టు కనిపిస్తే ఏడాదికోసారి చదివే దీవెన కూడా నీసాన్‌లోనే చదువుతారు. మా వీధిలో ఒక పియర్ చెట్టుంది, పక్కింటావిడ రోజూ వాకింగ్‌లో దాని మొగ్గలు చూసి వస్తారు.

ఉగాదికి నాలుగు రోజుల ముందు ఆవిడ తలుపు కొట్టి, సగం వాడిన మైదా సంచి, రెండు పాస్తా ప్యాకెట్లు, బ్రెడ్ పొడి చేతిలో పెట్టారు, హామంటాషెన్‌కి కొన్నది మిగిలిపోయింది, పస్కా లోపల ఇల్లు దాటాలి అని. ఆ మైదాతోనే ఉగాదికి బొబ్బట్లు చేశా. ఒక ప్లేట్ తీసుకెళ్ళి ఇస్తే ఒకటి తిని, లోపల ఏంటి అని అడిగారు. శనగపప్పు, బెల్లం అన్నా. ఆవిడ పెద్దగా నవ్వేశారు, పైన మైదా పస్కాకి పనికిరాదు, లోపల పప్పు కూడా వాళ్ళ తూర్పు యూరప్ ఆచారంలో పస్కా ఎనిమిది రోజులూ తినరు, అంటే బొబ్బట్టు డబుల్ నిషేధం అన్నమాట. "ఇంకా రెండు వారాలు టైముందిగా, మిగతావి కూడా పట్రా" అన్నారు.