అమ్మ షార్జా ప్రయాణం: పేరు, గసగసాలు, మాత్రలు

మా కోనసీమకు గల్ఫ్ ప్రయాణం కొత్త కాదు. అంబాజీపేట చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా కువైట్‌లోనో, మస్కట్‌లోనో, దుబాయ్‌లోనో మనిషి ఉన్న ఇళ్లు వీధికి రెండు మూడైనా తగులుతాయి. అందుచేత షార్జాలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు అమ్మను రెండు నెలలు తన దగ్గర ఉండమని పిలిచినప్పుడు మేము పెద్దగా ఆలోచించలేదు. డబ్బు కడితే వీసా వస్తుంది, వీసా వస్తే విమానం ఎక్కడమే కదా అనుకున్నాము.

దరఖాస్తు పంపిన మరునాడే ఏజెంటు దానిని వెనక్కి పంపాడు. అమ్మ పాస్‌పోర్టులో ఆమె పేరు ఒకే ఒక్క మాటగా ఉంది. ఇంటిపేరు రాయవలసిన గడి ఖాళీ. 2022 నవంబరు 21 నుంచి, షార్జా ఉన్న దేశమైన యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఇటువంటి ఒంటి పేరు పాస్‌పోర్టులపై సందర్శకులను అనుమతించడం మానేసింది. తండ్రి పేరో, కుటుంబం పేరో పాస్‌పోర్టులో మరో పుటలో ఉంటే సరిపోతుందని ఆ తరువాత కొద్ది రోజులకే సడలింపు వచ్చింది గాని, ఆ సడలింపును నమ్ముకొని అరవై దాటిన మనిషిని విమానాశ్రయం దాకా తీసుకువెళ్లి, అక్కడి కౌంటరులోని ఉద్యోగి దయకు వదిలేయడం నాకు ఇష్టం లేకపోయింది. ఇది తెలుగువారికి ప్రత్యేకంగా తగిలే చిక్కు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అది కూడా చాలామందికి ఒక్క పొడి అక్షరంగానే మిగిలిపోతుంది. ఫారం నింపేవారు ఆ పొడి అక్షరాన్ని ఎక్కడ వేయాలో తెలియక వదిలేస్తారు. రేషను కార్డులో ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఇంకొకలా ఉన్నా మన ఊళ్లో అందరికీ మనిషి తెలుసు కాబట్టి పని నడిచిపోతుంది. సరిహద్దు దగ్గర మనిషిని ఎరిగినవారు ఉండరు, అక్షరాలే ఉంటాయి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండబట్టి పాస్‌పోర్టు తిరిగి చేయించుకోగలిగాము. గడువు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలన్న నిబంధన కూడా దానితోనే తీరిపోయింది.

పేరు తేలిన తరువాత పెట్టె సర్దడం మొదలైంది. అసలు భయం వేసింది ఇక్కడే. తమ్ముడికి ఇష్టమని అమ్మ ధనియాలు, లవంగాలు, దాల్చినచెక్క, ఎండుకొబ్బరి, గసగసాలు వేయించి, మసాలా పొడి కొట్టి హార్లిక్స్ సీసా నిండా నింపింది. ఆ సంగతి ఫోనులో చెప్పగానే తమ్ముడు, "అమ్మా, ఆ సీసా ఇంట్లోనే ఉంచెయ్యి, గసగసాలు ఇక్కడ మత్తుమందు కిందే లెక్క" అన్నాడు. అమ్మ నమ్మలేదు. గసగసాలు నల్లమందు మొక్క గింజలే. మన దగ్గర కిరాణా కొట్టులో పొట్లం కట్టి ఇచ్చే ఈ గింజలు ఎమిరేట్స్‌లోనూ, సౌదీ అరేబియాలోనూ నిషిద్ధం. కూరలో వేసుకోవడానికి తెచ్చుకున్నామని చెబితే వదిలేస్తారనే ధీమా పనికిరాదు. పొడిలో కలిసిపోయిన గసగసాలను వేరు చేయలేము కనుక సీసా మొత్తం ఇంట్లోనే ఉండిపోయింది. అంతటితో అయిపోయిందనుకున్నాను, మరునాడు ఉదయం అరిసెల డబ్బా మూత తీస్తే ప్రతి అరిసె మీదా గసగసాలే! అమ్మ చెంచా కొసతో గీకి చూసింది, బెల్లంపాకానికి పట్టుకున్న గింజలు ఊడి రాలేదు. చివరకు ఆ వాయి ఇరుగుపొరుగుకు పంచిపెట్టి, నువ్వులు అద్ది మళ్లీ చేసింది. మిక్సీ జారును కూడా రెండుసార్లు కడిగించాను. అది అతి అని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు.

ఇక మందులు. అమ్మకు చాలా ఏళ్లుగా షుగరు, అరికాళ్ల మంటలకు ప్రీగాబలిన్ వాడుతుంది. మన మందుల దుకాణాల్లో మామూలుగా దొరికే ఈ మాత్ర ఎమిరేట్స్‌లో నియంత్రిత ఔషధం. నొప్పులకు వాడే ట్రమడాల్, కొన్ని దగ్గు మందుల్లో ఉండే కోడీన్, నిద్రకోసం వేసుకునే ఆల్ప్రజోలం కూడా అటువంటివే. డాక్టరుగారి చేత మందుల పేర్లు, మోతాదులు ఇంగ్లీషులో రాయించి, దానితో తమ్ముడు అక్కడి ఆరోగ్య మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో ముందస్తు అనుమతికి దరఖాస్తు చేశాడు. ఈలోగా అమ్మ, పెట్టె బరువు తగ్గుతుందని, మాత్రలన్నిటినీ రేకుల్లోంచి ఒలిచి ఒక చిన్న స్టీలు డబ్బాలో పోసేసింది. పేరు లేని తెల్లని మాత్రలు గుప్పెడు పట్టుకొని ఏ తనిఖీ అధికారి ముందూ నిలబడకూడదు. మళ్లీ కొనక తప్పలేదు.

ఉద్యోగం కోసం వెళ్లేవారి సంగతి వేరు. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టుపై ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ అవసరం) అని ఉంటే, గల్ఫ్ దేశాలలో పనికి వెళ్లడానికి భారత ప్రభుత్వం నుంచి ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరి. అటువంటి పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్లే స్త్రీకి ముప్పై ఏళ్లు నిండి ఉండాలి. ఈ రెండింటినీ తప్పించడానికి సందర్శక వీసా మీద పంపించేస్తామనే దళారులు మా వైపు ఇంకా తిరుగుతున్నారు. ఆ వీసాపై పని చేయడం అక్కడ నేరం, గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల చొప్పున జరిమానా. దళారి మాత్రం ఇక్కడే ఉంటాడు. యాభై ఏళ్లు దాటినవారికి ఈసీఆర్ ఉండదు కనుక అమ్మ పాస్‌పోర్టుకు ఆ బెడద లేదు.

పెట్టెను కొబ్బరి వ్యాపారి కాటా మీద తూచి, శంషాబాదులో విమానం ఎక్కించాము. షార్జాలో దిగాక అమ్మను కళ్లజోడు తీసి కెమెరాలోకి చూడమన్నారట. ఒకసారి దేశం నుంచి పంపించివేసిన వారు కొత్త పాస్‌పోర్టుతో వచ్చినా కంటిపాప ముద్రతో దొరికిపోయేది అక్కడే. పెట్టె ఎవరూ తెరవలేదు, డాక్టరుగారి కాగితం ఎవరూ అడగలేదు. ఆ రాత్రే ఫోను చేసి, "ఎవరూ చూడనే లేదురా, అంత మంచి అరిసెలు ఊరికే పంచిపెట్టించావు" అని అమ్మ నా మీద విసుక్కుంది.