విజయవాడ కృష్ణలంకలో మా పాపకు బడి వెతికిన వేసవి

మా పాప రెండో తరగతి వరకు ప్రైవేటు స్కూల్లో చదివింది. 2025 జూన్‌లో మూడో తరగతికి మునిసిపల్ స్కూల్లో వేద్దామని నేను అనగానే ఇంట్లో పెద్ద చర్చే అయింది. ఫీజుల భారం ఒక కారణం, కాదనను. కానీ నన్ను ఎక్కువ బాధపెట్టింది పాప చదువే. ఇంగ్లీషు పాఠం గడగడా అప్పజెప్పేది. అందులో ఒక్క వాక్యానికి అర్థం అడిగితే బిక్కమొహం వేసేది. తెలుగైతే ఇంకా కూడబలుక్కుని చదివే స్థితి. పక్కింటి అబ్బాయి ప్రభుత్వ బడి లెక్కల పుస్తకం తిరగేస్తే ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంది. ఇలాంటిది కదా మా పిల్లకు కావాలి అనిపించింది.

"తల్లికి వందనం డబ్బుల కోసమా?" అని బంధువులు అడిగారు. పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం డబ్బిచ్చే ఆ పథకం ప్రైవేటు బడి పిల్లల తల్లులకూ వర్తిస్తుంది, దానికోసం బడి మారాల్సిన పనేముంది?

మా ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో మూడు బడులున్నాయి. సెలవులు ఇవ్వకముందే, ఏప్రిల్‌లో ఒంటిపూట బడులు నడుస్తున్నప్పుడు చూసి రావాలనుకున్నాను. పిల్లలు లేని బడిని చూసి ఏం తెలుసుకుంటాం? వెళ్లేముందు కేంద్ర ప్రభుత్వ యూడైస్ వెబ్‌సైట్‌లో ఒక్కో బడి వివరాలు తీశాను. తరగతివారీగా పిల్లలెందరు, టీచర్లెందరు, గదులెన్ని, మరుగుదొడ్లెన్ని అన్నీ అందులో ఉంటాయి. కాకపోతే అవి అంతకుముందు ఏడాది లెక్కలు, కాబట్టి స్వయంగా వెళ్లి సరిచూసుకోవాల్సిందే.

బయటి నుంచి చూస్తే మూడూ ఒకేలా ఉన్నాయి. ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకంలో వేసిన రంగులు, ఆకుపచ్చ బోర్డులు, బెంచీలు, ఫ్యాన్లు అన్నిచోట్లా ఉన్నాయి. తేడా లోపలికి వెళ్లి కూర్చుంటేనే తెలిసింది.

ఇంటికి బాగా దగ్గరగా ఉన్న బడిలో అయిదు తరగతులకు ఇద్దరే టీచర్లు. మూడు, నాలుగు, అయిదు తరగతులు ఒకే గదిలో ఉన్నాయి. టీచరుగారు బోర్డు మీద నిలువుగా రెండు గీతలు గీసి మూడు భాగాలు చేశారు. ఒక భాగంలో అయిదో తరగతి భాగహారం, ఇంకో దాంట్లో నాలుగో తరగతి తెలుగు పదాలు, చివరి దాంట్లో మూడో తరగతికి ఎక్కాలు. ఆవిడ అయిదో తరగతికి లెక్క వివరిస్తుంటే మూడో తరగతి పిల్లలు రాసిందే మళ్లీ రాస్తూ కూర్చున్నారు. ఆవిడ క్షణం ఖాళీగా లేరు, గొంతు బొంగురుపోయింది. ఆవిడను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. పిల్లలు తక్కువని టీచర్లను తగ్గిస్తారు, టీచర్లు తక్కువని మాలాంటివాళ్లం పిల్లల్ని వేయం. ఆ బడి అలా కుంగిపోతుంటే చూడటం నాకు నిజంగా కష్టమనిపించింది.

రెండోది హైస్కూలు ఆవరణలో ఉంది. టీచర్లకు కొదవ లేదు, గ్రౌండు కూడా పెద్దదే. కానీ హైవే దాటి వెళ్లాలి. ఎనిమిదేళ్ల పిల్లను రోజూ ఆ ట్రాఫిక్‌లో దాటించాలంటే టెన్షన్. దాన్ని అక్కడితో వదిలేశాను.

మూడో బడికి మధ్యాహ్నం భోజనం వేళకు వెళ్లాను. ఇది అందరికీ చెబుతాను: బడిని చూడాలంటే అన్నం పెట్టే టైముకు వెళ్లండి. అన్నం, కూర వ్యానులో వచ్చాయి, గుడ్లు మాత్రం బడిలోనే ఉడికించారు. నేనూ నాలుగు ముద్దలు తిన్నాను. సాంబారు పలచగా ఉంది, అన్నం కాస్త ముద్దయింది, అయినా పిల్లలు పళ్లేలు ఖాళీ చేశారు. చెత్తడబ్బా కూడా చూశాను, అన్నం పెద్దగా పారేయలేదు. ఆయా అప్పుడే మరుగుదొడ్లు కడిగి వస్తోంది. ఆడపిల్లల వైపు గడియ సరిగ్గా పడుతోందా అని వేసి చూశాను, పడింది. ఆర్వో ప్లాంటు మాత్రం పనిచేయడం లేదు. హెచ్ఎం గారు దాచకుండా చెప్పారు, "ఫిల్టర్ మార్చాలమ్మా, అడిగాం, ఇంకా రాలేదు" అని.

ఆయన అనుమతితో మూడో తరగతి పాపను పరిసరాల విజ్ఞానం పుస్తకంలో ఒక పేజీ చదవమన్నాను. ఇంగ్లీషులో ఆగి ఆగి చదివింది. ఏం అర్థమైందని అడిగితే సొంత మాటల్లో తెలుగులో చెప్పేసింది. నాకు ఆ క్షణమే మనసు కుదిరింది.

టీచరు నచ్చి చేర్పిద్దామనుకునేవాళ్లకు ఒక మాట. ఆ వేసవిలోనే బదిలీలు జరిగాయి, నేను ఏప్రిల్‌లో చూసిన టీచరు జూన్‌లో లేరు. అందుకే టీచరు ఎవరని కాకుండా, తరగతికి ఒక టీచరు ఉంటారా అని అడగండి. పిల్లలు తగినంతమంది ఉన్న ప్రాథమిక పాఠశాలల్లో తరగతికో టీచరు ఉండే పద్ధతి ఆ ఏడాదే తెచ్చారు. ఈ బడి అందులోకి వచ్చింది.

చేర్పించేటప్పుడు చిక్కంతా పాత స్కూలుతోనే. టీసీ అడిగితే బాకీ కట్టమన్నారు, కట్టాక కూడా రేపు రమ్మన్నారు. విద్యాహక్కు చట్టం అయిదో సెక్షన్ ప్రకారం టీసీ వెంటనే ఇవ్వాలి. అది ఆలస్యమైందని కొత్త బడి పిల్లను చేర్చుకోకుండా ఉండకూడదు. హెచ్ఎం గారు ఆ మాటే చెప్పి పాపను తరగతిలో కూర్చోబెట్టుకున్నారు. కాగితం కంటే ఆన్‌లైన్ పని ముఖ్యం. పాత స్కూలు వాళ్లు యూడైస్‌లో పిల్లను డ్రాప్‌బాక్స్‌లోకి, అంటే బడి వదిలిన పిల్లల జాబితాలోకి వదిలితేనే కొత్త బడి తన పేరు మీదికి తీసుకోగలదు. యూడైస్‌లో ఒక్కో పిల్లకు ఇచ్చే శాశ్వత నంబరు, అదే పెన్ నంబరు, ముందే రాసిపెట్టుకోండి, నాకు చాలా పనికొచ్చింది.

ఇప్పుడు పాప తెలుగు పేజీ ముందు చదివి, తర్వాత ఇంగ్లీషు పేజీలోకి వెళ్తోంది. రాగి జావ ఇచ్చే రోజు ఇంట్లో పాలు వద్దంటోంది. మంచినీళ్లు ఇంకా ఇంటి నుంచే సీసాలో పంపుతున్నాను. తల్లిదండ్రుల కమిటీకి తరగతి నుంచి ముగ్గురిని ఎన్నుకుంటారు. రెండేళ్ల గడువు అయ్యాక జరిగే ఎన్నికల్లో నేనూ నిలబడుతున్నాను. మొదటి సమావేశంలోనే ఆ ఆర్వో ఫిల్టర్ సంగతి అడుగుతాను.